తేనెపట్టు పలకలు

హిమాలయాలలో సియాచిన్ అనే హిమనది ఉంది. అక్కడ మన సైనికులు కాపలా కాసే స్థావరాలలో కొన్ని సముద్రమట్టానికి 6,000 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నాయి. వాటికి రోడ్డు మార్గం లేదు. బియ్యం, పప్పు, కిరసనాయిలు, మందులు, ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలు అక్కడికి చేరాలన్నా, జబ్బుపడిన సైనికుణ్ణి కిందికి తీసుకురావాలన్నా చాలావరకు హెలికాప్టరే దిక్కు.

అంత ఎత్తులో గాలి చాలా పలచగా ఉంటుంది. సముద్రతీరంలో ఒక ఘనపు మీటరు గాలి ఎంత బరువు తూగుతుందో, అక్కడ అందులో సగం కంటే కొంచెమే ఎక్కువ తూగుతుంది. హెలికాప్టరు నెత్తిన తిరిగే రెక్కలు గాలిని కిందికి తోస్తాయి. ఆ తోపు వల్లనే అది పైకి లేస్తుంది. తోయడానికి గాలే తక్కువైనప్పుడు మోయగల బరువు కూడా తగ్గిపోతుంది. ఇంజనుకు అందే గాలి తగ్గడం వల్ల దాని శక్తి కూడా పడిపోతుంది. కాబట్టి అక్కడికి వెళ్లే హెలికాప్టరులో ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది. హెలికాప్టరు సొంత బరువు పది కిలోలు తగ్గితే, అది పది కిలోల బియ్యం అదనంగా మోసుకుపోగలదు.

బరువు తగ్గించడానికి సులభమైన ఉపాయం ఒకటి ఉన్నట్లు తోస్తుంది. హెలికాప్టరు గోడలను పలచటి రేకుతో చేస్తే సరిపోదా? సరిపోదు. పలచటి రేకు వంగుతుంది, ముడత పడుతుంది, చిరుగుతుంది. గోడలు తేలికగా ఉండాలి. గట్టిగానూ ఉండాలి. ఆ గట్టితనం ఒకటి రెండు రోజులు కాదు, ఏళ్ల తరబడి నిలవాలి. ఈ మూడింటినీ ఒకేచోట సాధించడం ఎట్లా? ఇంజనీర్లు కనిపెట్టిన జవాబును అర్థం చేసుకోవడానికి దూరం పోనక్కరలేదు. కిరాణా కొట్టులో పారేసే అట్టపెట్టె చాలు.

సబ్బులు, బిస్కెట్లు వచ్చే అట్టపెట్టె నుంచి ఒక ముక్క చింపి దాని అంచును పరీక్షగా చూడండి. పైన ఒక కాగితం, కింద ఒక కాగితం, రెండింటికీ నడుమ అలలు అలలుగా మడిచిన మరో కాగితం కనిపిస్తాయి. ఈ మూడు కాగితాలలో ఏ ఒక్కదాన్ని విడిగా తీసుకున్నా చిన్నపిల్లవాడు కూడా నలిపేయగలడు. కాని మూడూ కలిసి అంటుకున్నప్పుడు ఆ పెట్టె పది కిలోల సరుకును మోస్తుంది. బలం కాగితంలో లేదు, కాగితాలను అమర్చిన తీరులో ఉంది.

దీనికి కారణం తెలియాలంటే మీ జామెట్రీ పెట్టెలోని స్కేలును తీయండి. దాన్ని బల్లపరుపుగా పట్టుకుని వంచితే సులభంగా వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి వంచబోతే వంగదు. స్కేలు మారలేదు, దాని బరువు మారలేదు. వంచే దిక్కున దాని మందం మాత్రం పెరిగింది. ఏ వస్తువునైనా వంచినప్పుడు దాని ఒక ముఖం సాగుతుంది, ఎదుటి ముఖం నొక్కుకుపోతుంది. సరిగ్గా నడుమ ఉన్న భాగం సాగదు, నొక్కుకోదు. అంటే వంపును ఎదిరించే పనిలో ఎక్కువ భాగం పై ముఖానిదీ, కింది ముఖానిదీ. నడిమి భాగానికి అంత పని ఉండదు. అటువంటప్పుడు నడుమ బరువైన పదార్థాన్ని ఎందుకు నింపాలి? బలమైన పదార్థాన్ని రెండు ముఖాలకు చేర్చి, నడుమ తేలికైనదాన్ని పెడితే బరువు ఆదా అవుతుంది. ఇలా తయారైన దానినే శాండ్‌విచ్ పలక అంటారు. రెండు రొట్టె ముక్కల మధ్య కూర పెట్టినట్లు ఉంటుంది కాబట్టి దానికా పేరు వచ్చింది.

ఇందులో లాభం ఎంతో లెక్క కట్టి చూద్దాం. ఒక మిల్లీమీటరు మందం గల అల్యూమినియం రేకును తీసుకుందాం. ఒక చదరపు మీటరు రేకు 2 కిలోల 700 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు ఆ లోహాన్నే అర మిల్లీమీటరు చొప్పున రెండు రేకులుగా చేసి, నడుమ ఒక మిల్లీమీటరు మందాన తేలికైన పదార్థాన్ని పెట్టి అతికిద్దాం. ఈ పలక వంపును మొదటి రేకు కంటే 7 రెట్లు ఎక్కువగా ఎదిరిస్తుంది. నడిమి పదార్థం మందాన్ని 3 మిల్లీమీటర్లకు పెంచితే, అది 37 రెట్లు ఎక్కువగా ఎదిరిస్తుంది. మరి బరువు ఎంత పెరిగింది? ఘనపు మీటరుకు 48 కిలోలు మాత్రమే తూగే నడిమి పదార్థాలు ఉన్నాయి. అటువంటిది 3 మిల్లీమీటర్ల మందాన ఒక చదరపు మీటరు పరిస్తే 144 గ్రాములే అవుతుంది. దానికి జిగురు బరువు మరికొంత కలుస్తుంది. అంతే.

నడిమి పొర బరువు తక్కువైనా దాని పని చిన్నది కాదు. ఒక నోటు పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని వంచి చూడండి. పేజీలు ఒకదాని మీద ఒకటి జారుతాయి, పుస్తకం తేలికగా వంగుతుంది. ఆ పేజీలన్నిటినీ జిగురుతో అంటించేస్తే పుస్తకం చెక్కలాగా బిగుసుకుంటుంది. శాండ్‌విచ్ పలకలో రెండు ముఖాలు ఒకదానికొకటి జారకుండా ఆపేది నడిమి పొరే. రెండు ముఖాల మధ్య దూరం తగ్గకుండా చూసేదీ, పలచటి పై పొర ముడత పడకుండా వెనుక నుంచి ఆనిక ఇచ్చేదీ అదే.

విమానాలలో ఈ పద్ధతి పాతదే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో తయారైన మస్కిటో అనే విమానం 1940 నవంబరులో మొదటిసారి ఎగిరింది. దాని శరీరాన్ని కలపతో చేశారు. అటూ ఇటూ పలచటి బిర్చ్ ప్లైవుడ్, నడుమ బెండులాగా తేలికైన బాల్సా కలప. యుద్ధకాలపు లోహపు కొరతలో పుట్టిన ఆ కలప విమానం ఆనాటి మిక్కిలి వేగవంతమైన విమానాలలో ఒకటిగా పేరు పొందింది.

నేటి హెలికాప్టర్లలో కలపకు బదులు కాంపోజిట్ పదార్థాలు వాడుతున్నారు. కాంపోజిట్ అంటే రెండు వేరువేరు పదార్థాలను కలిపి, రెండింటి మంచి గుణాలనూ ఉపయోగించుకునే పదార్థం. పూర్వం మట్టిగోడలు కట్టేవారు మట్టిలో గడ్డి కలిపి తొక్కేవారు. గడ్డి పోగులు గోడ బీటలు వారకుండా పట్టి ఉంచేవి. మట్టి ఆ పోగులను చెదరకుండా ఉంచేది. కాంపోజిట్లలోనూ సూత్రం అదే. ఇక్కడ గడ్డికి బదులు కార్బన్, గాజు, కెవ్లార్ వంటి సన్నని పోగులు ఉంటాయి. కెవ్లార్‌ను 1965లో అమెరికాలో స్టెఫనీ క్వోలెక్ అనే మహిళా శాస్త్రజ్ఞురాలు కనిపెట్టింది. మట్టికి బదులు ఎపాక్సీ అనే రెసిన్ ఉంటుంది. ఇది వేడికి గట్టిపడే ఒక రకమైన జిగురు. కార్బన్ పోగులతో చేసిన పలక అల్యూమినియం బరువులో సుమారు ఆరు పాళ్లలో నాలుగు పాళ్లకు మించదు. పోగులు ఉన్న దిక్కున మాత్రం అది ఎంతో బలంగా ఉంటుంది.

నడిమి పొరకు ఇంజనీర్లు తేనెటీగల నుంచి ఉపాయం నేర్చుకున్నారు. తేనెపట్టులో ప్రతి గదికీ ఆరు గోడలు ఉంటాయి. గదుల మధ్య ఖాళీ వృథా కాదు. కొద్దిపాటి మైనంతో పట్టు మొత్తం గట్టిగా నిలుస్తుంది. హెలికాప్టరు పలకలలో మైనానికి బదులు, ఆరమిడ్ అనే నారలతో చేసిన ఒక గట్టి కాగితాన్ని వాడతారు. నోమెక్స్ అనే పేరుతో దొరికే ఈ కాగితం మంటకు సులభంగా అంటుకోదు. ఈ పొరను తయారు చేసే తీరు పెళ్లి పందిళ్లలో కట్టే కాగితపు గంటలను గుర్తుకు తెస్తుంది. కాగితాల మీద వరుసలు వరుసలుగా జిగురు గీతలు గీసి ఒకదానిపై ఒకటి పేరుస్తారు. ఒక కాగితపు గీతలు, దాని కింది కాగితపు గీతల నడుమకు వచ్చేటట్లు చూస్తారు. జిగురు ఆరిన తరువాత కట్టను రెండు వైపులా పట్టి లాగితే ఆరు మూలల గదులు విచ్చుకుంటాయి. ఆ పట్టును రెసిన్‌లో ముంచి తీసి, వేడి చేసి గట్టిపరుస్తారు. ఒక్కొక్క గది వెడల్పు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే.

తేనెపట్టుకు రెండు వైపులా జిగురు పొరలు, వాటి మీద రెసిన్ పట్టించిన పోగుల గుడ్డలు పరుస్తారు. అన్నిటినీ ఒక సంచిలో మూసి, లోపలి గాలిని తీసేసి, ఆటోక్లేవ్ అనే పెద్ద కొలిమిలో పెడతారు. అందులో వేడి, గాలి ఒత్తిడి రెండూ ఉంటాయి. 120 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో రెసిన్ గట్టిపడి అన్నీ ఒకే పలకగా అతుక్కుంటాయి. ఒత్తిడి మరీ ఎక్కువైతే తేనెపట్టు పక్కకు నలిగిపోతుంది. తక్కువైతే జిగురు సరిగా పట్టదు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ శాస్త్రజ్ఞులు ఇటువంటి ఆటోక్లేవ్‌లను మన దేశంలోనే రూపొందించారు.

బెంగళూరులోనే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ ఉంది. మస్కిటో మొదటిసారి ఎగిరిన మరుసటి నెలలో, 1940 డిసెంబరులో, ఈ సంస్థకు పునాది పడింది. ఈ సంస్థ తయారు చేసిన ధ్రువ్ హెలికాప్టరు 1992 ఆగస్టు 20న బెంగళూరులో మొదటిసారి ఎగిరింది. 5,500 కిలోల వరకు బరువుతో లేవగల ఈ హెలికాప్టరులో పైలట్లు కూర్చునే భాగాన్ని కార్బన్, కెవ్లార్ పోగుల కాంపోజిట్లతో చేశారు. దాని తిరిగే రెక్కలు కూడా కాంపోజిట్లతో చేసినవే. మన సైన్యం ఈ హెలికాప్టర్లను సియాచిన్ వంటి చోట్లకు కూడా నడిపింది.

ఇంతవరకు చెప్పినది శాండ్‌విచ్ పలక బలం. ఇక దాని బలహీనతలు కూడా తెలుసుకోవాలి.

మొదటిది, ఒక్కచోట పడే బరువు. అట్టపెట్టె మీద చెయ్యి పరిచి నొక్కితే అది తట్టుకుంటుంది. పెన్ను మొనతో నొక్కితే గుంట పడుతుంది. తేనెపట్టు పలకలో మేకు కొట్టినట్లు బోల్టు బిగిస్తే లోపలి గదులు నలిగిపోతాయి. అందుకే బోల్టు వచ్చే చోట గదులను ముందే రెసిన్‌తో నింపి, లోహపు బిళ్లను అమర్చి గట్టి చేస్తారు.

రెండవది, అదురు. నాలుగు రెక్కల హెలికాప్టరులో రెక్కలు నిమిషానికి సుమారు 300 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 5 చుట్లు. ప్రతి చుట్టుకూ నాలుగు రెక్కల వల్ల నాలుగు అదురులు పుడతాయి. సెకనుకు 20 చొప్పున గంటకు 72,000 అదురులు. వెయ్యి గంటలు ఎగిరితే 7 కోట్ల 20 లక్షలు. ఇనుప తీగను ఒకసారి వంచితే విరగదు. అదే చోట అటూ ఇటూ పదేపదే వంచితే విరుగుతుంది. దీన్నే పదార్థపు అలసట అంటారు. కార్బన్ పోగులు అలసటను లోహాల కంటే బాగా తట్టుకుంటాయి. కాని పై పొరను తేనెపట్టుకు పట్టి ఉంచే జిగురులో ఎక్కడైనా చిన్న లోపం ఉంటే, ఈ అదురులకు అది కొద్దికొద్దిగా పెద్దదవుతుంది.

మూడవది, నీరు. పై పొరలో వెంట్రుకంత సందు ఏర్పడినా వానతేమ, గాలిలోని తేమ గదుల్లోకి దిగుతాయి. హెలికాప్టరు చలి ప్రాంతంలోకి లేచినప్పుడు ఆ నీరు గడ్డకడుతుంది. నీరు మంచుగా మారినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుందని మీరు విజ్ఞానశాస్త్రంలో చదివే ఉంటారు. ఆ వ్యాకోచం గది గోడలనూ, జిగురునూ నెడుతుంది. కిందికి దిగగానే కరుగుతుంది. మళ్లీ లేస్తే మళ్లీ గడ్డకడుతుంది. ప్రతి ప్రయాణంలోనూ ఆ సందు కొద్దిగా విస్తరిస్తుంది. తేమ చేరిన పలకను ఆరబెట్టకుండా బాగుచేయబోయినా ప్రమాదమే. కొత్త అతుకును గట్టిపరచడానికి 120 డిగ్రీల వేడి పెడితే లోపలి నీరు ఆవిరిగా మారి, ప్రెషర్ కుక్కరులోని ఆవిరి మూతను నెట్టినట్లు, పై పొరను లోపలి నుంచి ఊడదీస్తుంది.

నాలుగవది అన్నిటికంటే జాగ్రత్త పడవలసినది. అది దెబ్బ. అల్యూమినియం రేకు మీద రెంచి పడితే సొట్ట పడుతుంది. దూరం నుంచి చూసినా ఆ సొట్ట కనిపిస్తుంది. కాంపోజిట్ పలక మీద అదే రెంచి పడితే పై పొర లోపలికి వంగి, వెంటనే యథాస్థానానికి వచ్చేస్తుంది. పైకి చిన్న గీత కూడా ఉండకపోవచ్చు. కాని ఆ కొద్ది క్షణంలో లోపల తేనెపట్టు గదులు నలిగి ఉండవచ్చు, జిగురు ఊడి ఉండవచ్చు. వడగళ్లు, రెక్కల గాలికి ఎగిరిపడే రాళ్లు, పొరపాటున తగిలే నిచ్చెన కూడా ఇటువంటి దెబ్బే కొట్టగలవు. నడిమి పొర ఆనిక తప్పినచోట పై పొర ఒంటరి కాగితంతో సమానం. బరువు పడ్డప్పుడు మొదట ముడతపడేది అక్కడే.

ఇవన్నీ తెలిసే ఇంజనీర్లు పలకలను రూపొందిస్తారు. కంటికి కనిపించని దెబ్బ ఒకటి పలకలో ఎప్పుడో ఒకప్పుడు పడుతుందనే ముందుగా అనుకుని లెక్కలు కడతారు. వాడుకలో రాగల అత్యధిక భారానికి ఒకటిన్నర రెట్ల భారాన్ని ఆ దెబ్బతిన్న పలక కూడా మోయాలి. దీన్ని కాగితం మీద లెక్కతో సరిపెట్టరు. మొదట చిన్న ముక్కలు, తరువాత పెద్ద పలకలు, ఆ తరువాత పూర్తి భాగాలు తయారు చేసి పరీక్షిస్తారు. వాటిపై కావాలనే లెక్క ప్రకారం దెబ్బ కొడతారు. తేమ బాగా ఉన్న గదిలో 70 డిగ్రీల వేడిలో వారాల తరబడి నానబెడతారు. ఎందుకంటే తేమ పీల్చిన రెసిన్ వేడిలో మెత్తబడుతుంది. అటువంటి గడ్డు స్థితిలోనే ముక్కలను నొక్కి, లాగి, వంచి, విరిగేదాకా చూస్తారు. లక్షల సార్లు అదిలించి అలసటను పరీక్షిస్తారు.

ఇంత చేసినా పలక మన్నిక ప్రయోగశాలలో ముగిసిపోదు. హెలికాప్టరు వాడుకలో ఉన్నంతకాలం దాన్ని చూసుకునే మనుషుల చేతుల్లో అది ఉంటుంది. సంతలో కుండ కొనే ఇల్లాలు దాన్ని వేలితో తట్టి చూస్తుంది. ఖంగుమంటే మంచి కుండ, బొంగురుగా పలికితే బీటవారిన కుండ. మరమ్మతు చేసే పనివారు కూడా నాణెం వంటి చిన్న లోహపు బిళ్లతో పలకను అంగుళం అంగుళం తట్టుతూ పోతారు. జిగురు బాగా పట్టిన చోట శబ్దం స్పష్టంగా, గట్టిగా వస్తుంది. ఊడిన చోట మందంగా, బోలుగా వస్తుంది. చెవికి అందని శబ్దతరంగాలను పలకలోకి పంపి చూసే పరికరాలు, వేడి వ్యాపించే తీరును చూపే కెమెరాలు, ఎక్స్‌రేలు ఇప్పుడు ఉన్నాయి. అయినా నాణెంతో తట్టే పరీక్ష మూలపడలేదు. దానికి ఖర్చు లేదు. కావలసినవి శ్రద్ధ, అలవాటుపడిన చెవి.

లోపం దొరికితే దెబ్బతిన్న మేరకు పై పొరను కోసి తీస్తారు. నలిగిన తేనెపట్టును తొలగించి, ఆ చోటును బాగా ఆరబెడతారు. కొత్త తేనెపట్టు ముక్కను అమర్చి, దాని మీద ఒకదానికంటే ఒకటి పెద్దదిగా గుడ్డ పొరలు పరిచి, వేడితో గట్టిపరుస్తారు. సరిగా చేసిన అతుకుతో పలక తన పని తాను మళ్లీ చేసుకుపోతుంది.

లోపం ఎక్కడుందో ముందుగా తెలియాలి. హెలికాప్టర్లను మరమ్మతు చేసే షెడ్డులో పని ముగియగానే పనిముట్లన్నిటినీ లెక్కపెడతారు. చేతిలోంచి రెంచి జారి పలక మీద పడితే, ఎక్కడ పడిందో చిట్టాలో రాయాలి. పలక మీద గీత కూడా పడలేదు, ఎవరూ చూడలేదు కూడా. అప్పుడు చెప్పకుండా ఊరుకోవడం తేలిక. చెబితే చీవాట్లు తప్పవని కుర్ర పనివాడు భయపడవచ్చు. కాని అతడు రాసిన ఒక్క వాక్యం చూసి మరొకరు ఆ చోటును నాణెంతో తట్టి చూస్తారు. బోలు శబ్దం వస్తే బాగుచేస్తారు. రాయకపోతే ఆ నలిగిన గదుల సంగతి ఎవరికీ తెలియదు. హెలికాప్టరు బియ్యం బస్తాలతో, మందులతో మంచుకొండల మీదికి లేచిపోతుంది. అందుకే మంచి షెడ్డులలో పెద్ద మేస్త్రీలు, వస్తువు జారిందని వచ్చి చెప్పిన కుర్రవాణ్ణి కసరరు. చిట్టా తెచ్చి అతని చేతనే రాయిస్తారు.